నడక పోలిక

2003 ఎండాకాలం. గుంతకల్లు రైల్వే స్టేషన్‌కి దగ్గర్లోనే ఆడవాళ్ళ షెల్టర్ హోమ్ ఒకటి ఉండేది. ఒక స్వచ్ఛంద సంస్థ నడిపేది. నేనక్కడ సోషల్ వర్కర్‌ని. గుంతకల్లు జంక్షన్ కదా, నాలుగు దిక్కుల నుంచి రైళ్ళు వస్తాయి. ఆ రైళ్ళలోనే మతి చెదిరి ఇల్లు వదిలిన ఆడవాళ్ళూ వస్తారు. ఎక్కడ ఎక్కారో, ఎందుకు దిగారో వాళ్ళకే తెలియదు. రైల్వే పోలీసులు తెచ్చి మా దగ్గర వదిలేవాళ్ళు. వాళ్ళకి తిండి పెట్టి, మందులిప్పించడం ఒక ఎత్తు. వాళ్ళ ఊరేదో కనుక్కుని ఇంటికి చేర్చడం ఇంకో ఎత్తు. ఆ రెండో పనిని మా వృత్తిలో ట్రేసింగ్ అంటారు. నా ఉద్యోగం అదే.

ముందే ఒక సంగతి చెప్పేస్తాను, లేకపోతే ఈ కథ మీకు అర్థం కాదు. నాకు మనుషుల మొహాలు గుర్తుండవు. కళ్ళు బాగున్నాయి, మతిమరుపు లేదు. నిన్న మీరు నాతో ఏం మాట్లాడారో పొల్లు పోకుండా అప్పజెప్తాను. కానీ ఇవాళ ఎదురొస్తే మీరెవరో తెలియదు. ముక్కు కనిపిస్తుంది, కళ్ళు కనిపిస్తాయి, అవన్నీ కలిపి ఫలానా మనిషి అని మాత్రం నా బుర్ర చెప్పదు. కొత్త చీర కట్టుకుని మా అమ్మే బస్టాండులో ఎదురైతే పక్కకి తప్పుకుని పోయిన దాన్ని నేను. పుట్టుకతోనే అంతే. చిన్నప్పుడు మా ఊరు రాప్తాడులో ఇరుగుపొరుగంతా నాకు పొగరని తీర్మానించేశారు. నేను మనుషుల్ని పోల్చుకునేది నడకతో, గొంతుతో, చేతులు తిప్పే తీరుతో.

ఇలాంటిదానికి మనుషులతో పని చేసే ఉద్యోగమేమిటని మీరు అడగొచ్చు. మా షెల్టర్ ఇన్‌చార్జ్ సావిత్రి మేడం అడగనే అడిగింది. ఒక రోజు మా సంస్థకి విరాళమిచ్చే పెద్దాయన ఒకరు టోపీ పెట్టుకుని వచ్చారు. నేనే ఎదురెళ్ళి కుర్చీ వేశాను. ఆయన లోపలికెళ్ళి, టోపీ తీసి, మొహం కడుక్కుని బయటికొచ్చారు. "ఎవరు కావల్ల సార్? యాడినుంచి వచ్చినారు?" అన్నాను. ఆయన నా వంక, నేను ఆయన వంక. ఆ సాయంత్రం మేడం నన్ను గదిలోకి పిలిచి, "సోషల్ వర్కర్‌కి మనిషే గుర్తుండకపోతే ఇంకేం గుర్తుండాలమ్మా? ఈ నెలాఖరు దాకా చూస్తాను" అంది. ఆవిడ చెడ్డ మనిషేం కాదు. నా సంగతి ఎలా చెప్పాలో అప్పటికి నాకే తెలియదు.

ఆ రోజుల్లో మా దగ్గర శాంతమ్మ అని ఒకామె ఉండేది. అది మేం పెట్టిన పేరు. అసలు పేరు ఆమె చెప్పలేదు. అంతకుముందు ఏడాది పోలీసులు తెచ్చినప్పుడు జుట్టంతా జడలు కట్టి, పేలు పడి ఉంటే గుండు చేయించాం. ముందు పళ్ళు ఊడిపోయాయి. చెంప మీద ఎప్పుడో కాలిన పెద్ద మచ్చ. నోరు విప్పి ఒక్క మాట మాట్లాడేది కాదు. పొద్దున్నుంచి వాకిట్లో కూర్చుని శెనక్కాయలు ఒలిచేది.

ఆమె గొంతు వినాలంటే మేకలు రావాలి. పక్కింటివాళ్ళ మేకలు మా గేటు తోసుకుని వచ్చి మునగమొక్క మీద పడేవి. శాంతమ్మ లేచి, కుడిభుజం ముందుకి తోసి, మడమ ముందు ఆనించి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు పాదం దించుతూ నడిచేది. కింద ముల్లుందేమో చూసుకుంటున్నట్టు ఉండేది ఆ నడక. "డ్రీయో... డ్రీ డ్రీ... హా" అని గొంతు సాగదీసి పిలిచేది. మేకలు బుద్ధిగా బయటికి పోయేవి. "మనకంటే మేకలే నయమప్పా. వాటితోనన్నా మాట్లాడతాది" అని మా వంటమనిషి హనుమక్క నవ్వేది.

ఒక రోజు పొద్దున నేను వరండాలో నిలబడి ఉన్నాను. గేటులోంచి శాంతమ్మ నడిచి వస్తోంది.

"హనుమక్కా! శాంతమ్మ బయటికెట్ల పోయింది? ఎవరూ చూసుకోల్యేదా?"

హనుమక్క వంటింట్లోంచి తొంగి చూసి నెత్తి కొట్టుకుంది. "అయ్యో నా తల్లీ! శాంతమ్మ ఆడ కాయలు ఒలుస్తాండాది గదా. ఆ వచ్చేది మొగోడు. మీసాలు చూడు, ఎంతెంత ఉండాయో!"

నిజమే, మీసాలున్నాయి. భుజాన కంబళి కూడా ఉంది. నేను చూసింది నడక మాత్రమే. ఇది కూడా మేడం చెవిన పడితే నెలాఖరు దాకా కూడా ఆగదని, నోరు మూసుకుని ఆయన్ని లోపలికి తీసుకెళ్ళాను.

ఆయన పేరు ఎర్రిస్వామి. ఉరవకొండ అవతల పల్లె. మేకలు, గొర్రెలు ఉన్నాయి. మేడం ముందు కూర్చుని, కవర్లోంచి ఒక ఫొటో తీశాడు. జాతరలో తీయించుకున్నది. గుండ్రటి మొహం, రెండు జడలు, కనకాంబరాలు.

"మా యక్క మేడం, మారెక్క. కాన్పులో బిడ్డ పోయినాక మనసు చెడింది. నీళ్ళకని పోయి, బిందె బోరింగు కాడ పెట్టి, అట్లే యాడికో పోయింది. అప్పుడు నేను చిన్నోన్ని. మా నాయన తిరగని ఊరు లేదు. తిరిగి తిరిగి ఆయన గూడా పోయినాడు."

"ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడు ఎందుకొచ్చావు బాబూ?" అంది మేడం.

"ఊర్లో పెద్దోళ్ళు ఊరుకోవడం ల్యేదు మేడం. ఇంట్లో ఏ కష్టమొచ్చినా, పోయినదానికి దినాలు చేయల్యేదు గదా, అందుకే అంటారు. వచ్చే అమాసకి దర్భతో బొమ్మ జేసి కాల్చేస్తామని మాటయిపోయింది. మాయమ్మ ఒకటే ఏడుపు. ఇంగ ఒక్కసారి చూసి రా నాయనా, గుంతకల్లులో ఆడోళ్ళ హాస్టలేదో ఉండాదంట అని పంపించింది."

నేను ఈ జిల్లా మనిషినే, ఆ మాటకి అర్థం నాకు తెలుసు. బొమ్మ కాల్చి కర్మ చేశాక ఆ మనిషి చనిపోయినట్టే. తర్వాత ప్రాణాలతో తిరిగొచ్చినా గడప తొక్కనివ్వరు. అరిష్టమంటారు. కన్నతల్లయినా తలుపు తీయడానికి వీల్లేదు.

ఇలాంటప్పుడు మేం చేసేది ఐడెంటిఫికేషన్. అంటే, వచ్చిన బంధువుకి మా దగ్గరున్న వాళ్ళని చూపిస్తాం, ఆయన ఔనంటే ఔను, కాదంటే కాదు. ఎర్రిస్వామి అందరినీ చూశాడు. శాంతమ్మ ముందు కూర్చుని ఫొటో ఆమె మొహం పక్కన పెట్టి మరీ చూశాడు. ఆమె ఒకసారి తలెత్తి, మళ్ళీ కాయల్లో పడిపోయింది.

"ఈమె గాదు మేడం. ఈమెవరో ముసలామె." ఫొటో కవర్లో పెట్టుకుని లేచాడు. "ఒకందుకు మంచిదే లే. చచ్చిపోయిందని తేలితే మాయమ్మకి తీరా ఏడ్చేకన్నా ఉంటాది."

మంచినీళ్ళు తాగి గేటు వైపు నడిచాడు. నేను వెనకనుంచి చూస్తున్నాను. కుడిభుజం ముందుకి. మడమ. ఒక్క క్షణం ఆగడం. పాదం. పరిగెత్తి వెళ్ళి గేటు గడియ పెట్టేశాను.

"అన్నా, నిలబడు. ఇంగోసారి ఆ మునగమొక్క దాకా నడువు."

"ఏమమ్మా, తమాషా చేస్తాండావా? నాకు బస్సు పోతాది."

"ఏమప్పా, అక్క కంటే బస్సెక్కువాయనా నీకు? నడువంటే నడువు!"

సావిత్రి మేడం గబగబా వచ్చింది. "ఏం జరుగుతోంది ఇక్కడ?"

"మేడం, శాంతమ్మ ఈయన అక్కే. ఇద్దరిదీ ఒకే నడక."

"తోడబుట్టినవాడే కాదంటుంటే నువ్వు ఔనంటావా? నీకసలు మొహాలే తెలియవు కదా!"

"అందుకే చెప్తాండా మేడం. మీరందరూ మొగం చూసినారు. నేను చూడల్యేదు."

ఆవిడ నన్ను పక్కకి తీసుకెళ్ళింది. తర్వాత మెల్లగా, "ఈ జిల్లాలో మేకలు కాసేవాళ్ళంతా అలాగే నడుస్తారేమో. ఒక తల్లికి లేనిపోని ఆశ పెడితే ఎంత పాపం, ఆలోచించు" అంది. సరైన ప్రశ్నే. నాకు నిజంగా భయమేసింది. నేను పొరబడితే, ఎవరో ముక్కూ మొహం తెలియని ఆమెని వాళ్ళింటికి పంపినట్టవుతుంది. నోరు మూసుకుంటే, బతికున్న మనిషికి అమావాస్య నాడు కర్మ చేస్తారు. ఆ నడకని నేను ఏడాదిగా రోజూ చూస్తున్నాను. మీకు మీ అక్కచెల్లెళ్ళ మొహం ఎంత తెలుసో నాకు ఆ నడక అంత తెలుసు. అందుకే వెనక్కి తగ్గలేదు.

ఈయన్ని తప్పుదారి పట్టిస్తున్నది ఆ ఫొటోయే అనిపించింది. మొహం అడ్డం తీసేస్తే?

"అన్నా, నామాట విను. ఈ అరుగు మీద గోడ పక్కకి తిరిగి కూర్చో. ఆమె మొగం చూడొద్దు. ఏమైనా సరే, తిరగొద్దు."

గొణుక్కుంటూనే కూర్చున్నాడు. నేను గేటు బార్లా తీశాను. "హనుమక్కా, మేకల్ని రానీ."

"నీకేమన్నా పట్టిందా తల్లీ? రోజూ తరమమంటివి, ఈ పొద్దు పిలవమంటాండావు! మునగమొక్క మిగులుతాదా ఇంగ?" అంటూనే గుప్పెడు పొట్టు గేటు దగ్గర చల్లింది. మేకలు ఎగబడి వచ్చాయి.

శాంతమ్మ లేచింది. అదే నడకతో మునగమొక్క వైపు వెళ్ళింది. గొంతు సాగదీసింది.

"డ్రీయో... డ్రీ డ్రీ... హా!"

ఎర్రిస్వామి వీపు నిటారుగా అయింది. ఆయన ఆలోచించుకునే లోపలే ఆయన గొంతులోంచి జవాబు వచ్చేసింది. "హోయ్... డ్రీయో హోయ్!"

తర్వాత ఆయనే చెప్పాడు. చిన్నప్పుడు గుట్టకి ఇటు అక్క, అటు తమ్ముడు మేకలు కాసేవాళ్ళట. మంద చీలితే అక్క అలా కేకేసేది. ఇటొచ్చినాయి, భయం లేదని తమ్ముడు ఇలా జవాబిచ్చేవాడు. ఆ కేక వాళ్ళ తాత నుంచి వచ్చింది, ఆ ఇంట్లోవాళ్ళు తప్ప ఇంకెవరూ అలా పిలవరు.

శాంతమ్మ ఆగిపోయింది. మేకలు హాయిగా మునగాకు తింటున్నాయి, వాటిని పట్టించుకునేవాళ్ళే లేరు. ఆమె మెల్లగా అరుగు దగ్గరికి నడిచి, గోడ వైపు తిరిగి కూర్చున్న ఆ మనిషి తల మీద చెయ్యి పెట్టింది. ఏడాదిలో మేమెవరమూ వినని మాట వినిపించింది.

"యాడికి పోయినావురా ఇంతసేపు?"

ఆయన తిరగలేదు. తిరగొద్దని నేనే చెప్పాను కదా. గోడకి తల ఆనించి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడుస్తూ, "ఈడే ఉండానక్కా, ఈడే ఉండా" అన్నాడు. హనుమక్క చెంగు నోట్లో కుక్కుకుంది. సావిత్రి మేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూనే ఉంది. నాకు ఏడుపు రాలేదు, గట్టిగా అరవాలన్నంత సంతోషం వచ్చింది.

కేక విని అప్పటికప్పుడు పంపించేయలేదు. ఊరికి హోమ్ విజిట్ చేశాం. అంటే వాళ్ళింటికే వెళ్ళి అన్నీ సరిచూసుకోవడం. వాళ్ళమ్మని షెల్టర్‌కి తీసుకొచ్చాం. ఆ ముసలావిడ మొహం జోలికే పోలేదు. కూతురి చేయి పట్టుకుని, మోచేతి దగ్గర చిన్నప్పుడు మేక పొడిచిన మచ్చని తడిమి చూసుకుంది, అంతే, ఇంక వదల్లేదు. ఆ అమావాస్యకి బొమ్మ కాల్చలేదు. మారెక్క జబ్బు మాయమైపోయిందని చెప్పను. మందులు నెలనెలా వాడాల్సిందే, కొన్నాళ్ళు మాట్లాడుతుంది, కొన్నాళ్ళు మాట్లాడదు. కానీ వాళ్ళ వాకిట్లో కూర్చుని మాట్లాడకుండా ఉంటుంది.

నెలాఖరు వచ్చి పోయింది. సావిత్రి మేడం ఆ ఊసెత్తలేదు. ఒక రోజు నా గదిలోకి వస్తూ గుమ్మంలోనే, "నేను, సావిత్రిని" అంది. అప్పట్నుంచి అందరికీ అది అలవాటైంది. "హనుమక్కొచ్చినా!" "డ్రైవర్ బాషాని మేడం!" అని ఎవరికి వాళ్ళు పేరు చెప్పుకుంటూ లోపలికొచ్చేవాళ్ళు. విరాళాలిచ్చే పెద్దలకి కూడా మేడమే చెప్పేది, "మా అమ్మాయికి మీ పేరు చెప్పండి సార్, మొహం చూసి గుర్తుపట్టదు" అని. ఒక్కరూ ఏమీ అనుకోలేదు. ఇన్నేళ్ళు నేను అనవసరంగా ఎంత హైరానా పడ్డానో!

కొన్నేళ్ళకి బెంగళూరులో ఒక ట్రైనింగ్‌లో సైకాలజిస్ట్ ఒకావిడ దీన్ని ఫేస్ బ్లైండ్‌నెస్ అంటారని, కొందరి మెదడు పుట్టుకతోనే అలా ఉంటుందని చెప్పింది. పేరు తెలిసినందుకు సంతోషించాను. అయితే ఆ లోపం ఉన్నా బాగా పని చేశావని ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. మారెక్కని పట్టుకున్నది ఈ బుర్రే, ఇంకో బుర్ర అయితే గేటు గడియ పెట్టేది కాదు. ఆ కేసు తర్వాత మా ట్రేసింగ్ పద్ధతి మారింది. ఇంటివాళ్ళు ఫొటో బయటికి తీయబోతే, ఆగమని ముందు అడుగుతాం: మీ మనిషి ఎట్లా నడుస్తుంది? ఎట్లా కూర్చుంటుంది? కోళ్ళని ఏమని పిలుస్తుంది? కొత్తగా చేరిన పిల్లలకి నేను నేర్పే మొదటి పాఠం ఇదే.

తర్వాతెప్పుడో ఉరవకొండ బస్టాండులో బస్సు కోసం నిలబడి ఉన్నాను. పచ్చ చీర కట్టుకుని, నిండుగా జుట్టు ముడేసుకుని ఒకామె నా ఎదురుగా వచ్చి నిలబడింది. నా మొహంలోకి చూసి నవ్వుతోంది. నేను అలవాటుగా వెర్రినవ్వు నవ్వాను.

"ఏమమ్మా, గుర్తుపట్టల్యేదా?" అంది.

"ఏమనుకోవద్దక్కా. ఆ టీ అంగడి దాకా పోయి రా ఒకసారి."

ఆమె పకపకా నవ్వి, వెనక్కి తిరిగి నడిచింది. కుడిభుజం ముందుకి తోసి, మడమ ముందు ఆనించి.

"మారెక్కా!" అని బస్టాండంతా వినబడేలా అరిచాను.