కుడి కొక్కెం, ఎడమ కొక్కెం

ఆస్పత్రి మంచాలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో ఆమెను అందరూ జల్లెడ అనేవాళ్లు. కొత్త కంప్యూటర్ వచ్చాక, కొలతలిస్తే చాలు, మంచానికి కావలసిన పార్టులన్నీ అదే గీసిపడేసేది. కానీ నిన్న గీసిన కొక్కేన్నే ఈరోజు మళ్లీ గీసి కొత్త నంబరు తగిలించేది. అలాంటి కవలల్ని ఏరి, ఒకటి ఉంచి మిగతావి తీసెయ్యడం ఆమె పని.

ముందు బరువు, సైజు, కంతలు సరిచూసేది. తర్వాత తెరమీద ఒకదానిమీద ఒకటి పెట్టి చూసేది. పొద్దంతా దానికే పోయేది.

"అన్నీ కలిశాక మళ్లీ చూడ్డమేంటమ్మా? కోడిగుడ్డుకి ఈకలు పీకుతావా?" అని మేనేజరు రోజూ సతాయించేవాడు.

విని విని విసిగి, ఒక వారం ఆమె కొలతలు కలిసినవాటిని తెరమీద పెట్టి చూడకుండానే కలిపేసింది. మంచం పక్క కమ్మీని పట్టి ఉంచే కొక్కేలు రెండు అందులో ఉన్నాయి. ఒకటి కుడివైపుది, ఒకటి ఎడమవైపుది. బరువు ఒకటే, కంతలూ అన్నే. కానీ కుడికాలి చెప్పు ఎడమకాలికి పట్టదు కదా!

ఎడమ కొక్కేలు రావడం ఆగిపోయింది. మంచాలు బిగించే చోట ఆమె మరిది పనిచేసేవాడు. "ఇది సరిగ్గా కూర్చోవట్లేదు సార్" అన్నాడు అక్కడి సూపర్‌వైజరుతో. "డ్రాయింగులో ఉన్నది అదొక్కటే, బిగించు" అన్నాడాయన. తిరగేసి బిగించాడు. చెయ్యి కింద ఉండగానే కమ్మీ జారిపడి, రెండు వేళ్లు నలిగిపోయాయి.

కబురు వినగానే ఆమె పరుగున వెళ్లి, బయటికి పోవలసిన మంచాలన్నిటినీ ఆపించింది. ఆ వారం కలిపినవన్నీ తిరగతోడితే అలాంటిదే ఇంకో జత బయటపడింది.

"కంప్యూటర్ తప్పని రాసేద్దాం. నీ పేరు రాదు" అన్నాడు మేనేజరు గొంతు తగ్గించి.

"కంప్యూటర్ రెండూ గీసిందండీ. ఒకటి తీసేసింది నేను."

"నేను తొందరపెట్టానని కూడా చెప్తావా?"

"చెప్తాను."

ఫ్యాక్టరీ పెద్దలకి చెప్పడం తేలికే అయింది. ఆస్పత్రిలో మరిది మంచం పక్కన కూర్చుని చెప్పడమే కష్టమైంది. చివరికి, దాచకుండా చెప్పేసింది.

అతను కట్టు కట్టిన చేతిని ఒళ్లోకి లాక్కున్నాడు. "అన్నయ్యకి తెలుసా?"

"ముందు నీకే చెప్తున్నా."

"నిన్ను తిట్టాలని ఉంది వదినా, నోరు రావట్లేదు. కొన్నాళ్లు నాకు ఎదురుపడకు."

ఒక వేలు దక్కింది, ఒకటి తీసేశారు. మేనేజర్ని ఇంకో విభాగానికి మార్చారు. ఆమె ఉద్యోగం మిగిలింది, పని మాత్రం రెండింతలు నెమ్మదైంది. మరిది ప్యాకింగ్‌లో చేరాడు. ఇంట్లో ఆమె వడ్డిస్తే "చాలు" అంటాడు, అంతకుమించి మాట లేదు.

"వాడి కోపం వాడిది. నువ్వు కడుపు మాడ్చుకోకు" అంటూ అత్తగారు ఆమె కంచం ముందుకు తోస్తుంది.