గన్నవరం విమానానికి పచ్చికాయలు

నాకు అక్షరాలు నడివయసులో వచ్చాయి. దూరాల సంగతి మాత్రం అంతకు ముందే తెలుసని తిరువూరంతా చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి. అంత తలతిక్క నాది.

అప్పట్లో రెడ్డిగూడెం తోటల్లో మామిడికాయ కోసి, గడ్డి పేర్చి, గంపకెత్తడం నా పని. గంప ఏ ఊరికి పోతుందో చెబితే చాలు, ఆ దారికి సరిపడా పచ్చిది చూసి కోసేవాణ్ణి. బెజవాడకైతే తొడిమ దగ్గర రంగు తిరిగింది, గూడ్సు రైల్లో నాలుగైదు రోజులు పట్టే హైదరాబాదుకైతే రాయిలాంటిది. గంప దిగేసరికి కాయ పండాలి. అందులో నాకు పేరుంది.

ఓ వేసవిలో మిల్లు షావుకారు మా గుడిసెకొచ్చాడు. హైదరాబాదులో ఆయన అక్క మంచం పట్టింది. డాక్టర్లు ఆశ వదిలేశారు. అన్నం ముట్టడం లేదు గానీ, మన చిన్నరసం ఒక్కటి తినాలనుందని కబురు పెట్టిందట.

"రేపు విమానంలో పోతున్నా. గన్నవరంలో ఎక్కితే గంటన్నరలో బేగంపేటలో దిగుతా. మంచి పళ్ళు పెట్టు," అన్నాడు.

"అట్టాగేనండయ్యా," అన్నాను. లోపల నవ్వుకున్నాను. మా బస్సువాడూ బెజవాడకి రెండు గంటలే అంటాడు. మైలవరంలో ఇంజనుకి నీళ్ళు పోస్తాడు, తను టీ తాగుతాడు, పూట గడిచిపోతుంది. బస్సే ఆగితే, అంత దూరం ఎగిరేది నీళ్ళకి ఎక్కడా ఆగదా? రైలుకంటే ఓ పూట ముందు చేరుతుందేమోలే అనుకుని, రాయిలాంటి కాయలే ఏరి కోశాను.

"ఆయన పళ్ళన్నాడుగా?" అంది మా ఆవిడ.

"దిగేసరికి పళ్ళే అవుతాయి. విమానం సంగతి నీకేం తెలుసు?"

"నీకు తెలుసేంటి?"

"నోర్మూసుకుని గడ్డి అందించు," అన్నాను.

మూడు రోజులకి మిల్లు గుమాస్తాకి కార్డు ముక్క వచ్చింది. షావుకారు చెప్పిన వేళకే దిగాడట. గంప విప్పితే కాయలు ఠంగుమన్నాయట. ఇక బజార్లో కనపడ్డ ప్రతివాడూ, "ఏమోయ్, నీ విమానం ఇంకా దిగలేదా?" అనేవాడే. నాకు ముద్ద దిగలేదు. ఆ మహాతల్లి పండు నోట పడకుండానే పోతే ఆ పాపం ఎవడిది?

షావుకారు తిరిగొచ్చాడని తెలిసి, నేనే మిల్లుకి పోయి నిలబడ్డాను.

"ఒరేయ్, గంటన్నరలో విమానం దించితే, నీ కాయలు నన్ను నాలుగు రోజులు కూర్చోబెట్టాయి."

"అక్కగారు ఎట్టా ఉన్నారయ్యా?"

"నిన్ను తిట్టడానికి ఓపిక తెచ్చుకుంది. పొద్దున్నే గంప తెమ్మనడం, ఒక్కో కాయా నొక్కి చూడటం. 'వీడెవడ్రా తమ్ముడూ, నన్ను కాట్లో పెట్టాక పండేట్టు కోశాడు! తినకుండా పోనురా' అని పంతం. నాలుగో రోజు రెండు జుర్రుకుంది. సాయంత్రానికి గంజి అడిగింది. నేను బయల్దేరేటప్పుడు లేచి కూర్చుని ఉంది. ఇంకో గంప తెమ్మంది."

"ఈసారి పళ్ళే కోస్తానయ్యా. బుద్ధొచ్చింది."

షావుకారు నా మొహం చూడకుండా, "వద్దులే," అన్నాడు. "కాయలే కొయ్యి."