పది లేని బి.ఏ.

ఆ రోజుల్లో మా పాలమూరు జిల్లాలో తెలివైనవాళ్లు చాలామందే ఉండి ఉంటారు గానీ, పదో తరగతి ముఖం చూడకుండా ఇరవై ఎనిమిదో ఏట బి.ఏ.లో చేరిన ఘనత మాత్రం నాదే. కొత్తకోటలో మాది గాజుల దుకాణం. ఏడో తరగతితో చదువు ఆపి ఊరందరి చేతులూ పిసుకుతూ కూర్చున్న నాకు, ఫ్యాను కింద కుర్చీ ఉండే సర్కారు నౌకరీ ఒక్కటే కోరిక. దూరవిద్యలో పాత చదువు అడగరని, ఒక్క అర్హత పరీక్ష గట్టెక్కితే చాలని విని మహబూబ్‌నగర్ కేంద్రానికి పరుగెత్తాను. (ఇంత సులువుగా ఇస్తున్నారంటే సరుకులో ఏదో లోపం ఉంటుందని మా బాపు అననే అన్నాడు.)

అక్కడి తెల్లగడ్డం గుమాస్తా చాచా ఫారం ఇస్తూ, "నౌకరీ కోసమైతే ముందుగాల పది పరీక్షకు కట్టు బేటీ. అదిగూడ ప్రైవేటుగ రాయొచ్చు. రేపు ఎవరన్న పది మెమో అడిగితే ఏం జూపిస్తవ్?" అన్నాడు.

డజను మట్టిగాజులు అడిగిన మనిషి ముందు రాళ్లగాజుల పెట్టె విప్పేది నేనే కదా, నాకా ఈ ఎత్తు తెలియనిది? "ఎక్కువ అంటగట్టకు చాచా, నాకు బియ్యే చాలు" అన్నాను. ఆయన సంతకం ఎక్కడ చేయాలో చూపించాడు.

అర్హత పరీక్ష ఎలాగో గట్టెక్కాను గానీ, ఆ తర్వాతంతా అయోమయమే. మూడు ఆదివారాలు పొరపాటున పక్కగదిలోని బి.కాం. తరగతిలో కూర్చున్నాను. చెప్పే జమాఖర్చులన్నీ అర్థమవుతుంటే అనుమానం రావద్దా? మూడేళ్ల చదువు అయిదేళ్లకు ముగిసింది. పట్టా పట్టుకుని ఒక ఆఫీసుకు పోతే, అక్కడి పెద్దసారు మర్యాదగానే పది మెమో అడిగాడు.

"బియ్యే ఉంది గద సార్, పది గందులనే ఉండదా?" అన్నాను.

"ఉండదమ్మా," అన్నాడు.

మరుసటి ఏడు పది పరీక్షకు మా అన్న బిడ్డతో కలిసి పోయాను. "అత్తా, బియ్యే అయినంక పది రాస్తరా?" అని అది దారిపొడవునా నవ్వింది. అది పాసైంది. నేను లెక్కల్లో తప్పి (దుకాణంలో పుట్టిన నేను!) ఇంకో ఏడు రాశాను. మెమో చేతికొచ్చేసరికి నౌకరీ వయసు దాటిపోయింది.

ఇక నిజం లెక్క చెప్పాలి. బి.ఏ.కు అయిదేళ్లు, పదికి రెండేళ్లు, నౌకరీ లేదు. చాచా మాట విని ఉంటే ముప్ఫై నిండేసరికి పదితోనే ఏదో చిన్న నౌకరీ దొరికేది, అక్కడితో చదువు ఆపేసేదాన్ని. బి.ఏ. మాత్రం ఈ జన్మలో చదివేదాన్ని కాదు. దీన్ని లాభంలో రాయాలో నష్టంలో రాయాలో నాకు ఇప్పటికీ తేలలేదు.