సవా లక్షలో మిగిలిన రెండు

నిజాం సర్కారు రోజుల్లో ఇబ్రహీంపట్నంలోని మా ఇంట్లో ఎవరైనా పోతే, నలభయ్యో రోజు జరిగే ఫాతిహా ప్రార్థనలోపు వాళ్ల పేరిట, అల్లా ఒక్కడేనని చెప్పే కలిమా సవా లక్ష సార్లు చదివేవాళ్లం. అంటే లక్షా పాతిక వేలు. ఒక్కటి తక్కువైనా పోయినవాళ్లకు చేరదని మా భయం. తెల్ల దుప్పటి పరిచి, చదివినప్పుడల్లా ఒక చింతగింజ పక్కకు జరిపేవాళ్లం.

నాన్న, మా అబ్బా, పోయినప్పుడు అమ్మీ, అన్న, మేం ముగ్గురు అక్కచెల్లెళ్లం, మొత్తం అయిదుగురం. అన్న బడిలో లెక్కలు చెప్పేవాడు. మనిషికి పాతిక వేలని చిటికెలో తేల్చాడు. అంతటితో ఊరుకుంటేనా!

"యాభైని యాభైతోని, దాన్ని మళ్ల యాభైతోని గుణిస్తే సవా లక్ష. అన్నీ రెండ్లు, అయిదులే. ఇద్దరు, నల్గురు, అయిదుగురు, ఎనిమిదిమంది, ఎవలొచ్చినా సమానంగ పంచుకోవచ్చు. ముగ్గురొస్తే మాత్రం కుదరదు. అంకెలు కూడుండ్రి: ఒకటి, రెండు, అయిదు, ఎనిమిదైతది. మూడుతోని తెగదు."

"నీ లెక్కలు పాడుగాను, గింజలు జరుపు" అని పెద్దక్క కసిరింది.

మూడేళ్లకు విషజ్వరమొచ్చి అన్నే పోయాడు. నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్లు నన్ను పట్టుకుని ఏడుస్తుంటే గోడకేసి చూస్తూ నిలబడ్డాను. అమ్మీ అసలు నోరే విప్పలేదు. గంజి పెడితే తాగేది, లేకపోతే లేదు. ఈమె ఏం చదువుతుందిలే అని గింజలు ఆమె ముందు పెట్టనేలేదు. కోహెడ నుంచి పెద్దక్క, మహేశ్వరం నుంచి చిన్నక్క వచ్చి ఉండిపోయారు.

"పంచు" అంది పెద్దక్క.

పలక తీసి మూడుతో భాగించాను. మనిషికి నలభై ఒక్క వేల ఆరువందల అరవై ఆరు. శేషం రెండు. తుడిచి మళ్లీ చేశాను. రెండే. అన్న చెప్పాక ఇంకేం వస్తుంది, నా మొహం! అయినా మూడోసారీ చేశాను.

రోజుకు వెయ్యి పైనే చదివాం. ఏం చదువుతున్నానో నా చెవులకే తెలిసేది కాదు. నలభయ్యో రోజు మధ్యాహ్నానికి ఎవరి వంతు వాళ్లకు పూర్తయింది. దుప్పటి మీద రెండు గింజలు మిగిలాయి. కాసేపట్లో ఫాతిహాకు జనం వస్తారు.

"ఆ రెండూ నేనే చదువుతా, అయిపాయె" అంది చిన్నక్క.

"వద్దు. అన్న ఎవ్వరికీ ఎక్కువ తక్కువ పెట్టలే" అన్నాను.

"పిచ్చి లేసిందా నీకు? వాడు లేడే ఇగ!" అని పెద్దక్క అరిచింది. నేను దుప్పటికి అడ్డంగా కూర్చున్నాను.

గోడవార నుంచి అమ్మీ లేచి వచ్చింది. నన్ను పక్కకు జరిపి ఒక గింజ తీసింది. నలభై రోజులు మూగపోయిన గొంతు, ముందు గాలే వచ్చింది, తర్వాత మాట వచ్చింది. చదివింది. రెండోది తీసి అదీ చదివింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నన్నెందుకు లెక్కల పట్టలే బిడ్డా? నేను గూడ సచ్చిన్నా?"

అమ్మీతో కలిపితే నలుగురం. మనిషికి ముప్పై ఒక్క వేల రెండువందల యాభై, శేషం లేదు. దానికి పలక కూడా అక్కర్లేదు. అప్పుడు ఏడ్చాను.