క్రాసింగ్ దినాల్ల పరీక్ష

మా కాలేజీల దివ్యాంగ పిల్లల ఇన్‌ఛార్జి అంటే ఎవ్వరూ ముట్టని పని. స్టాఫ్ మీటింగుల ప్రిన్సిపాల్ సారు "ఎవరు చూస్తరు?" అన్నడు. అందరూ తల కిందికి వంచిండ్రు. నేనొక్కదాన్నే వంచుడు మర్చిపోయిన. అంతే, నా మెడకు పడ్డది. రోజూ వనపర్తి నుంచి గద్వాలకు బస్సుల వచ్చుడు, పాఠాలు చెప్పుడు, మళ్ల బస్సు. దానికి తోడు ఇదొకటి. కొట్లాడి ర్యాంపు కట్టిస్తే మా లెక్చరర్లే దాని మీద బండ్లు ఎక్కిచ్చి వరండా నీడల పెట్టుకుంటరు. "తియ్యండి సార్" అంటే "ఇప్పుడెవరన్న వస్తుండ్రా మేడం?" అంటరు. చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది.

అప్పట్ల మా తాన ఒక పిల్ల ఉండె. రెండు కండ్లూ కనపడవు. ఇంట్ల మగ్గం. నాయిన చీరలు నేస్తడు, తల్లి నూలు కండెలు చుడ్తది, ఈ పిల్ల గూడ తడుముకుంటనే కండెలు చుడ్తది. ఆమె కోసం నేను పాఠాలు ఫోన్ల రికార్డు చేసి పంపేదాన్ని. క్లాసులు అయినంక ఖాళీ గదిల కూసుండి, చప్పుడు రావొద్దని ఫ్యాను బందు పెట్టి, చెమటలు కార్చుకుంట చదివేదాన్ని. ఆఖర్ల మళ్ల విడమర్చి చెప్పే ఓపిక ఉండకపోయేది. "సమజ్ కాకుంటే మళ్ల మొదటి నుంచి విను బిడ్డా" అని బందు చేసేదాన్ని. ఒక దినం ఆ పిల్ల ఒకటే నవ్వుతుంది. "మేడం, రాజ్యాంగం పాఠం నడుమ ఎవర్నో తిట్టిండ్రు." తలుపు ధన్‌మని తీసిన అటెండర్‌ను తిట్టిన తిట్టు అది. చెరిపేసుడు ఎవరికి గుర్తుంటది?

జ్వరమొచ్చి రాయలేకపోయిన పేపరు ఒక్కటి మిగిలె ఆమెకు. నా సబ్జెక్టే, పొలిటికల్ సైన్స్. అది పాసైతే డిగ్రీ చేతికొస్తది, బీఎడ్‌ల సీటు నిలుస్తది. లేకుంటే సీటు పాయె. వాళ్ల నాయిన చెడ్డోడు కాదు, అలిసిపోయిండు. "ఈ ఒక్కపారి మేడం. తప్పితే ఇంట్ల కూసోని కండెలు చుడ్తది. ఇంక నాతోని కాదు" అన్నడు. నాతోని గూడ కాకనే ఉండె.

చూపులేని పిల్ల చెప్తుంటే రాసిపెట్టే మనిషిని స్క్రైబ్ అంటరు. ఆ మనిషి చదువు కింది తరగతిదే ఉండాలె. అంటే నేను ఇంటర్ పిల్లను ఎతకాలె. ఎతికి ఎతికి గద్వాల అవతలి ఊర్ల ఒక ఫస్టియర్ పిల్లను పట్టిన. ముత్యాల్లాంటి రాత. అయితే పరీక్షలు వెనక్కి జరిగి జరిగి సరిగ్గ పత్తి పువ్వుకు పువ్వు రుద్ది విత్తనం కట్టిచ్చే క్రాసింగ్ దినాల్ల పడ్డయి. మా గద్వాల నడిగడ్డల ఆ దినాల్ల ఇంటర్ పిల్లలు కాలేజీల ఉంటరా? సీడు పత్తి చేన్లల్ల ఉంటరు. ఇది తెల్వకనా నేను? తెలిసీ మర్చిపోయిన.

పరీక్ష రేపనంగ సాయంత్రం ఆ ఇంటర్ పిల్ల తల్లి ఫోన్ చేసింది. "మేడం, మా పిల్ల రాదు. ఏమనుకోకు" అన్నది. ఇంకొందరికి ఫోన్లు కొట్టిన. అందరి మాటా ఒక్కటే, చేన్ల ఉన్నం. పరీక్షలు చూసుకునే సారును అడిగిన. "స్క్రైబ్ లేకుంటే ఆబ్సెంటే మేడం, నేనేం చేస్త?" అన్నడు. నిజమే, ఆయనేం చేస్తడు?

తెల్లారి మొదటి బస్సెక్కి, గద్వాల్ల ఆటో మాట్లాడుకోని చేను కాడికే పోయిన. తల్లీబిడ్డలు అప్పటికే సాళ్లల్ల ఉండ్రి. ఆ తల్లి నన్ను చూసి నెత్తి పట్టుకున్నది.

"మేడం, నిన్న మాపటికి పూలు గిల్లి గుర్తుకు ఎర్ర కాయితాలు పెట్టినం. ఇయ్యాల పొద్దుగాలనే మగపువ్వు రుద్దాలె. పొద్దెక్కితే అన్నీ ఖరాబే. కౌలు చేను. పిల్లను తోల్కపోతే బదులుకు ఎవరొస్తరు, నువ్వొస్తవా?"

ఆమె ఎక్కిరించుడే. మనిషికి మనిషి బదులు పోవుడు ఇక్కడి పద్ధతి, అది అడుగుడు ఆమె హక్కు. నా సబ్జెక్టు పరీక్ష దినం నాకు డ్యూటీ వెయ్యరు. ఇంకేం సాకు చెప్తును?

"వస్త" అన్న.

నేను పిల్లను ఆటో ఎక్కిచ్చి, చీర కుచ్చిళ్లు ఎగజెక్కి సాల్లకు దిగిన. ఎర్ర కాయితం ఉన్న పువ్వు కాడ ఆగాలె, మగపువ్వు మెల్లగ రుద్దాలె, ముందుకు పోవాలె. ఇనేటందుకు అల్కగనే ఉంటది. "అయ్యో గట్ల నలిపితే ఎట్ల మేడం, కాయ రాలదా? పిల్లలకు గిట్లనే చెప్తవా పాఠం?" అని ఆమె ఒకటే తిట్టుడు. ఇరవై ఏండ్ల నౌకరీల నన్ను గట్ల ఎవ్వరూ తిట్టలె. నడుము ఇరిగిపోతుంది, కండ్లకు చెమట దిగుతుంది, మనసంత ఆ పరీక్ష గది కాడ. ఆటో చేరిందో లేదో, లోపలికి రానిచ్చిండ్రో లేదో.

మధ్యాన్నం దాటినంక ఫోన్ మోగింది. మా పిల్లనే.

"రాసిన మేడం. అన్నీ రాసిన."

నేను గెట్టు మీద కూలబడ్డ. ఆమె ఊకోలె.

"మేడం, ఆ చెల్లె చెయ్యి పట్టుకుంటే వేళ్లన్నీ గరుకు గరుకుగ ఉన్నయి. పూలు పట్టిన కాడి నుంచి కాలేజీకే పోతలేదంట. నాకు ఆమె రాసింది. ఆమె పాఠాలు ఎవరు చెప్తరు మేడం?"

"నీ పాసు సంగతి నువ్వు చూసుకో తల్లీ" అని పెట్టేసిన. నడుం నొప్పికి నాకు వేరే మాట రాలె.

మా పిల్ల పాసైంది, బీఎడ్‌ల చేరింది. కాలేజీల ఎవరూ అడగలె, నేను చెప్పలె. తెల్లారితే మళ్ల బస్సు, మళ్ల ర్యాంపు మీద బండ్లు.

మరుసటి ఏడు చూపులేని పిలగాడు ఒకడు చేరిండు. మళ్ల పరీక్షలు, మళ్ల అదే కాలం. ఛీ, ఈ పని ఇడిచిపెడ్తనని తిట్టుకుంటనే మళ్ల అదే చేను కాడికి పోయిన, వేరే దారి లేక. పోయినేడు పరీక్ష రాసిపెట్టిన ఆ పిల్ల ఇప్పుడు సెకండియర్. సాల్ల వంగి పూలు రుద్దుతుంది. పత్తి కొమ్మకు సంచి, సంచిల ఫోను. అండ్లకెళ్లి ఇంటర్ సివిక్స్ పాఠం వినొస్తుంది. గొంతు మా పిల్లది. ఎనక మగ్గం చప్పుడు.

"అక్క ఎవరితోనన్న నా పుస్తకం చదివిచ్చుకోని ఇని, మళ్ల నాకు చెప్పి పంపుతది మేడం" అన్నది ఆ పిల్ల, తల ఎత్తకనే. "చేతులే ఖాళీ లేవు గానీ చెవులు ఖాళీయే గద."

ఆమె తల్లి నన్ను చూసి నవ్వింది. "బదులుకు వచ్చినవా?" అన్నది.

నాకు ఏడుపొచ్చింది. చెప్పులు గెట్టు మీద ఇడిచి కుచ్చిళ్లు ఎగజెక్కిన. సంచిల పాఠం అయిపోవచ్చింది. అలిసిన గొంతుతోని, అచ్చం నా లెక్కనే, మా పిల్ల అంటుంది: "సమజ్ కాకుంటే మళ్ల మొదటి నుంచి విను బిడ్డా."