మల్లన్నకు అత్తగారి వరస

పై వారం మా అమ్మాయికి గుండె ఆపరేషను. శంషాబాద్‌లో బోర్డు కూడబలుక్కుని చదివి కొమురవెల్లి జాతర బస్సెక్కాను. “మల్లన్న తండ్రీ, నా పిల్లని కాపాడు” అని గొణుగుతుంటే, పక్క సీట్లోని కందుకూరు ఆమె మోచేత్తో పొడిచింది.

“గట్ల బతిమాలితే వినడక్కా. ఇంట్ల పెండ్లాముండంగనే మా గొల్లోళ్ల కేతమ్మను చేసుకున్నడు. మాకు అల్లుడు. మొహం మీదనే అడగాలె.”

“దేవుణ్ణా?”

“అల్లుణ్ణి. ఏటా తిట్టే వస్త.”

గుడిలో అందరూ చేతులు జోడిస్తే, ఆమె నడుం మీద చెయ్యేసుకుంది.

“ఏందల్లుడా, ఈ అక్క బిడ్డను జర చూస్తవా, కేతమ్మను పుట్టింటికి తోల్కపోవాల్నా?”

నేను భయంతో చెంపలేసుకున్నాను.

అమ్మాయి లేచి తిరిగాక మళ్లీ వెళ్లాను. ఈసారి కొబ్బరికాయతోపాటు, అల్లుడికి పెట్టినట్టు, కొత్త పంచెల చాపు పట్టుకెళ్లాను.