కౌశల్య వెనక్కి తిరిగిన చోటు

ఫిజీలోని వాయినికోరో కొండల పరుగులో కౌశల్య మొదటిసారి గీత దాటిన రోజున, గడియారం పట్టుకున్న పెద్దమనిషి ఆమెను చూసి దాన్ని జేబులో వేసుకున్నాడు. ఆడవాళ్ల పరుగు లెక్కలోకి రాదట. ఆమె వెనక సగంమంది మగవాళ్లు ఇంకా రొప్పుతూ వస్తున్నారు. కౌశల్య ఇంటికెళ్లి పొయ్యి ముట్టించింది. దీన్నే మనవాళ్లు ఓర్పు అని మెచ్చుకుంటారు. మెచ్చుకోవడం తేలిక!

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చి పదేళ్లు దాటిన కాలమది. కౌశల్యది చెరకు రైతు ఇల్లు. కోత రోజుల్లో, కొండవాలు మీద చెరకు కొట్టే గ్యాంగుకు రొట్టెలూ కూరా చల్లారకముందే చేర్చాలి. ఆ దారే ఆమెకు పరుగు నేర్పింది.

మరుసటి ఏడు ఆమె భర్త మునియ్య పరుగు కమిటీ ముందు మొండిగా కూర్చున్నాడు. చివరికి వాళ్లు ఒప్పుకున్నారు. రెండు కొండలు దాటి పొద్దు గూకేలోగా తిరిగొస్తే, పరుగు పూర్తిచేసినవాళ్ల పేర్లుండే కమిటీ హాలు గోడమీది బోర్డులో ఆమె పేరు రాస్తారు.

బయల్దేరేముందు అత్త పార్బతి ఆమె తలమీద టోపీ పెట్టింది.

"ఎండ మాడ్చేస్తాది. తియ్యకు."

"తియ్యనత్తా."

"ఆ మగోళ్ల యెనకాల పోకు. వాళ్లకి ఊపిరి లేదు, నోరే ఉంది."

రెండో కొండ మీద ఫిజీయన్ల ఊరొకటి ఉంది. అక్కడ టోపీతో నడవడం అవమానం. బయటివాళ్లు, నూరి నీళ్లలో కలుపుకుని తాగే యాంగోనా వేరు ముందుంచి, అనుమతి అడిగాకే ఊళ్లోంచి వెళ్లాలి. కమిటీ అడగలేదు. మగవాళ్లు టోపీలతోనే దూసుకుపోయారు. వాళ్ల వెనకే కౌశల్యా పరిగెత్తింది.

ఊరు దాటాక తల తడుముకుంది. చిన్నప్పటి నుంచి తెలిసిన మర్యాదే. అత్తకిచ్చిన మాట ధ్యాసలో మరిచిపోయింది. ఇంటివైపు దిగుడు ముందరే ఉంది. పొద్దు వాలుతోంది. ఆగితే పేరు పోతుంది.

వెనక్కి తిరిగింది.

టోపీ చేత పట్టుకుని మొదటి ఇంటి ముందు నేలమీద కూర్చుంది. "మాఫ్ కరో. యాంగోనా తేలేదు."

ఆ ఇంటి పెద్దామె లితియా బయటికొచ్చింది. ఆ చుట్టుపక్కల అందరిలాగే ఆమెకూ ఫిజీ హిందీ వచ్చు.

"సబ్ భాగ్ గయా. తుమ్ కాహే లౌటా?"

అందరూ పారిపోయారు, నువ్వెందుకు తిరిగొచ్చావని.

"తుమార్ ఘర్ హై," అంది కౌశల్య. మీ ఇల్లు కదా అని.

లితియా నవ్వింది. తమ యాంగోనానే కలిపించింది. గిన్నె చేతికొచ్చి, తాగి, చప్పట్లు కొట్టేదాకా లేవకూడదన్నది అక్కడి ఆచారం. కౌశల్య లేవలేదు.

ఆమె గీత చేరేసరికి పొద్దు గూకింది. "టైమ్ అయిపోయింది, బహినీ," అన్నాడు గడియారం పెద్దమనిషి. మునియ్య కలబడబోతే కౌశల్య అతని చెయ్యి పట్టి ఇంటికి లాక్కొచ్చింది.

మర్నాడు లితియా ఊరివాళ్లతో కొండ దిగి కమిటీ దగ్గరికొచ్చింది. ఇక ఆ దారి మూసేస్తామంది. పెద్దమనుషులు బతిమాలారు. చివరికామె ఒకే మాట చెప్పింది: ఏటా కౌశల్య యాంగోనా తెచ్చి అడిగితేనే దారి ఇస్తాం, ఆమె కూడా పరిగెత్తాలి, ఆమె వెంట ఆడపిల్లలూ పరిగెత్తాలి.

అలా నిలిచింది ఆ పరుగు. ఇప్పుడక్కడ పరిగెత్తేవాళ్లలో ఆడపిల్లలే ఎక్కువ. కౌశల్యకు మోకాళ్లు సహకరించవు. అయినా ఏటా కారులో కొండెక్కి లితియా ముందు యాంగోనా పెడుతుంది. "అక్క ఆరోజు నన్ను కూర్చోబెట్టింది. అందుకే ఇంతమంది లేచి ఉరుకుతున్నారు," అంటుంది. మునియ్యను తలుచుకుంటుంది, రొట్టెల దారిని తలుచుకుంటుంది. బోర్డు ఊసెత్తదు.

ఆరోజు టైమ్ దాటిందన్న సాకుతో రాయని ఆమె పేరు బోర్డు మీద ఇప్పటికీ లేదు. ఈ ఏడు కోత ముగిశాక కమిటీ సభ పెట్టి దానికి మళ్లీ రంగు వేయిస్తుంది. సువా, లౌటోకా ఊళ్లలో మనవాళ్ల సంఘాల్లో ఉన్నవాళ్లూ, లంబాసా వైపు చుట్టాలున్నవాళ్లూ ఆ సభకు రండి. లేచి నిలబడి ఆమె పేరు అడగండి, పక్కనే లితియా పేరూ రాయమనండి. పిల్లల్ని ఆ కొండకు తీసుకెళ్లండి. ఊరి మొదట్లో వాళ్ల టోపీలు తీయించి, చేతికి యాంగోనా వేరు ఇవ్వండి.